ముక్క పరీక్ష

మా పెద్దబిడ్డకు పదిహేనో ఏట వచ్చిన జబ్బు పేరు ఆస్టియోసార్కోమా. ఎముకలో పుట్టే క్యాన్సర్. కుడి తొడ ఎముక కింది కొసలో, మోకాలికి కాస్త పైన వచ్చింది. 2018 నాటి మాట. ఇప్పుడామె డిగ్రీ పూర్తి చేసింది, తన కాళ్ల మీద తాను నడుస్తోంది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఇదే జబ్బున్న పిల్లను పెట్టుకుని ఆసుపత్రిలో కూర్చున్న తల్లో తండ్రో దీన్ని చదువుతుంటే చివరిదాకా ప్రాణం ఉగ్గబట్టుకోనక్కర్లేదు. అట్లాగని మాతోపాటు ఆ వార్డులో ఉన్న పిల్లలందరూ ఇంటికి రాలేదు. అదీ చెప్తాను.

నేను దేవరకొండలో మోటార్లకు వైండింగ్ చేస్తాను. బోర్లలో దించే సబ్‌మెర్సిబుల్ మోటార్లు కాలిపోతే రైతులు మా షాపుకు తెస్తారు. చదివింది ఐటీఐ. డాక్టర్లు చెప్పిన ప్రతి మాటా అర్థమయ్యేదాకా అడిగి, షాపులో బాకీలు రాసుకునే పొడుగు పుస్తకంలోనే వెనక పేజీల నుంచి రాసుకుంటూ వచ్చాను. దాన్ని ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

బిడ్డ కబడ్డీ ఆడేది. స్కూలు జట్టులో రైడర్. ఆ ఏడు వానలు మొదలైన రోజుల్లో మోకాలు నొస్తుందని అనడం మొదలుపెట్టింది. రోజూ పడుతూ లేస్తూ ఉండే పిల్ల, మోకాళ్ల మీద ఎప్పుడూ ఏదో ఒక గీరు ఉండేది. కండరం పట్టేసిందన్నాడు పీఈటీ సారు, వారం ఆడొద్దన్నాడు. ఆట మానేసినా నొప్పి తగ్గలేదు. దెబ్బ నొప్పి ఆడితే ఎక్కువవుతుంది, పడుకుంటే తగ్గుతుంది. ఇది అట్లా కాదు. పగలు ఎట్లాగో గడిచేది, రాత్రి నిద్రలోంచి లేపేది. "కాలు లోపల్నుంచి గుంజుతుంది నాయినా, నిద్ర పడ్తలేదు" అని లేచి కూర్చునేది. మా అమ్మ ఆముదం రాసి కాపడం పెట్టేది. ఆర్‌ఎంపీ వచ్చి సూది వేస్తే ఆ రాత్రి నిద్రపోయేది, మర్నాడు మళ్లీ అదే. పెరిగే వయసు నొప్పులని కొందరన్నారు. కట్టు కట్టే పెద్దాయన దగ్గరికి తీసుకుపోతే పసరు పట్టించి బద్దలు పెట్టి కట్టాడు. ఆ కట్టు విప్పిన రోజు మోకాలి పైన లోపలిపక్క ఉబ్బు కనిపించింది. చెయ్యి పెడితే వేడిగా ఉంది. చర్మం కింద నరాలు నీలంగా తేలి ఉన్నాయి. జ్వరం మాత్రం లేదు.

ఈ జబ్బు ఎక్కువగా వచ్చే వయసేదో, చోటేదో డాక్టర్లకు బాగా తెలుసని తర్వాత విన్నాను. పదేళ్ల నుంచి ఇరవయ్యేళ్ల లోపు, అంటే ఎముకలు చురుగ్గా సాగే వయసు. ఒంట్లో ఎముక అన్నిటికంటే వేగంగా పెరిగేది మోకాలి చుట్టూనే. అందుకే తొడ ఎముక కింది కొసలోనూ, మోకాలి కింద ఎముక పై కొసలోనూ ఇది ఎక్కువ. ఆ తర్వాత భుజం దగ్గర. సరిగ్గా అదే ఆటల వయసు, సరిగ్గా అక్కడే దెబ్బలు తగిలేది. ఏ ఊళ్లోనైనా ముందు దెబ్బ అనే అనుకుంటారు.

పక్క పట్నంలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఎముకలో చీము పట్టిందన్నాడు. "రేపు పొద్దున కోసి శుభ్రం చేద్దాం, రెండు మూడు రోజుల్లో ఇంటికి పోవచ్చు" అని అప్పటికప్పుడే చేర్చుకున్నాడు. మాకది మంచి వార్తలాగే వినిపించింది. రోగమేదో తెలిసింది, మందు ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాం.

ఆ రాత్రి భోజనాలయ్యాక మత్తు డాక్టరు వచ్చాడు. ఆపరేషన్‌కు ముందు గుండె, ఊపిరి చూసి పోవడానికి వచ్చిన కుర్రాడు. బిడ్డ నాడి చూశాడు, నోరు తెరిపించి చూశాడు. పోబోతూ మంచం మీదున్న కవరులోంచి ఎక్స్‌రే తీసి ట్యూబులైటుకు ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు. దించలేదు. చాలాసేపు అట్లాగే చూశాడు. "జ్వరమేమైనా వచ్చిందా అమ్మా?" అని అడిగాడు. రాలేదంది. "రాత్రిపూట నొప్పి ఎక్కువా?" అవునంది. రక్తపరీక్ష కాగితం చూశాడు. చీము పడితే పెరగాల్సిన తెల్లకణాలు మామూలుగానే ఉన్నాయి. నన్ను వరండాలోకి పిలిచాడు.

వరండా బల్బు కింద ఎక్స్‌రే మీద వేలు పెట్టి చూపించాడు. ఎముక అంచు పొడుగునా సన్నటి తెల్లగీత ఉంది. మోకాలి పైన ఒకచోట ఆ గీత చెరిగిపోయింది. దాని పక్కన ఎముక పైపొర లేచి చిన్న త్రికోణంగా నిలబడింది. అక్కణ్ణుంచి కండలోకి తెల్లటి పోగులు చెదిరి ఉన్నాయి. "ఇది చీము కాకపోవచ్చన్నా. గడ్డ కావచ్చు. గడ్డయితే ఇక్కడ ఎవరూ కత్తి పెట్టకూడదు, సూది కూడా పెట్టకూడదు. పొద్దున్నే హైదరాబాద్ తీసుకెళ్లండి. క్యాన్సర్ ఆసుపత్రిలో ఎముకల గడ్డలు మాత్రమే చూసే సర్జన్ ఉంటారు, నేరుగా ఆయనకే చూపించండి. మా సారుకు నేను చెప్పుకుంటాను" అన్నాడు.

తెల్లారి ఆ పెద్ద డాక్టరుకు కోపమొచ్చింది. మా ఇష్టపూర్వకంగానే పోతున్నామని సంతకం పెట్టించుకుని పంపేశాడు. నా భార్యకు కూడా అప్పుడు నా మీద కోపమే, చేసే ఆపరేషన్ వద్దని పిల్లను బస్సులెక్కిస్తున్నానని. మాల్, ఇబ్రహీంపట్నం దాటేదాకా ఆమె నాతో మాట్లాడలేదు. తన పైడాక్టరు మాటకు ఎదురుగా నిలబడి ఆ కుర్రాడు చెప్పిన నాలుగు ముక్కలే నా బిడ్డ కాలు నిలబెట్టాయి. ఏడేళ్లయినా నాకీ విషయంలో రెండో అభిప్రాయం లేదు.

హైదరాబాద్‌లో సర్జన్ మమ్మల్ని కూర్చోబెట్టి అడిగిన మొదటి ప్రశ్న నొప్పి గురించి కాదు. "ఎవరైనా కోశారా? సూది పెట్టి ఏమైనా తీశారా?" లేదన్నాను. "మంచి పని చేశారు" అని అప్పుడు పిల్ల కాలు చూశాడు.

ఈ సార్కోమా అనే జాతి క్యాన్సర్లు మనం రోజూ వినే వాటి కంటే వేరు. నోటికి, రొమ్ముకు, గర్భసంచికి, పేగుకు వచ్చేవి ఆ అవయవాల పొరల్లోనో గ్రంథుల్లోనో పుడతాయి. సార్కోమాలు ఒంటిని నిలబెట్టే, పట్టి ఉంచే వాటిలో పుడతాయి. ఎముక, కండ, కొవ్వు, నరాల తొడుగు, రక్తనాళాల గోడ. వీటిలో డెబ్బైకి పైగా రకాలున్నాయట. పెద్దవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో వందకు ఒకటి ఇది. పిల్లల్లో మాత్రం వందకు పది, పదిహేను దాకా ఉంటాయి. అంటే చిన్న పట్నంలో ఎముకలు అతికించే డాక్టరు తన ఉద్యోగం మొత్తంలో ఒకటో రెండో చూస్తాడు, లేదా అసలు చూడడు. చూడనిదాన్ని గుర్తుపట్టలేకపోయాడని ఆయన్ని తప్పు పట్టలేను. కానీ అనుమానం రాగానే ఆగాలి. అది మాత్రం ప్రతి ఎముకల డాక్టరూ నేర్చుకుని ఉండాల్సిన విషయం, దీని మీద నేను మెత్తబడలేను.

ముందు తొడ మొత్తానికి ఎంఆర్ఐ తీశారు, మోకాలికి ఒక్కదానికే కాదు. ఒక్కోసారి ఇదే ఎముకలో పైన ఇంకోచోట చిన్న గడ్డ విడిగా ఉంటుందట. ఊపిరితిత్తులకు సీటీ తీశారు. ఈ జబ్బు పాకితే ముందుగా చేరేది అక్కడికే. ఒంట్లో మిగతా ఎముకలు చూడ్డానికి బోన్ స్కాన్. ఇవన్నీ అయ్యాకే ముక్క పరీక్ష. ముందే ముక్క తీస్తే లోపల రక్తం చేరి ఎంఆర్ఐలో గడ్డ ఎంతవరకుందో సరిగా కనబడదు. ఈ వరస ఎందుకో తెలియక అప్పుడు నేను రోజులు పోతున్నాయని మథనపడ్డాను.

ముక్క తీసేరోజు మత్తు ఇవ్వకముందు నన్ను పిల్ల పక్కన ఉండనిచ్చారు. సర్జన్ నీలి మార్కరు తీసుకుని తొడ లోపలిపక్క పైనుంచి కిందికి మోకాలు దాటేదాకా పొడుగ్గా ఒక గీత గీశాడు. "మూణ్ణెల్ల తర్వాత పెద్ద ఆపరేషన్‌లో నేను కోసేది ఈ గీత మీద" అన్నాడు. తర్వాత ఆ గీత మీద ఒకచోట చుక్క పెట్టాడు. "ఇవాళ సూది దిగేది ఈ చుక్కలోంచి." చుక్కను ఫోటో తీయించాడు, ఎక్కడుందో కొలత రాయించాడు. సూది బయటికి వచ్చేటప్పుడు దాని దారి పొడుగునా గడ్డ కణాలు రాలుతాయి. అందుకే పెద్ద ఆపరేషన్‌లో ఆ దారిని, పైనున్న చర్మంతో సహా, గడ్డతోపాటే తీసేస్తారు. సూది ఇంకో పక్కనుంచి దిగితే ఆ పక్క కండ కూడా తీయాలి. ఎవరో తెలియక అడ్డంగా కోసి గడ్డ తెరిస్తే, కారిన రక్తం కండల మధ్యకు పోయి, పోయినచోటల్లా కణాలు చేరతాయి. అప్పుడు కాలు తీసేయడం తప్ప దారి ఉండకపోవచ్చు. ఇంతా చేసి ఆయన బయటికి తీసింది సన్నటి పుల్లల్లాంటి నాలుగు ముక్కలు. ముక్క పరీక్ష ఏ డాక్టరైనా చేసే చిన్న పని అనుకుంటాం. సార్కోమాలో ఆపరేషన్ ఎవరు చేస్తారో వాళ్లే, లేదా వాళ్లు చెప్పిన చోటే, ఆ ముక్క తీయాలి. నేను చెప్పదలచుకున్నదంతా ఒక్క మాటలో చెప్పమంటే ఇదే చెప్తాను.

రిపోర్టు వచ్చింది. హై గ్రేడ్ ఆస్టియోసార్కోమా. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. సర్జన్ రెండో వాక్యం మూడుసార్లు చెప్పాడు, మాకు మొదటిది తప్ప వినబడలేదు. నా భార్య కబడ్డీని తిట్టింది, పీఈటీ సారును తిట్టింది, ఆడటానికి పంపిన నన్ను తిట్టింది. డాక్టరు ఆమెను ఆపలేదు. అయ్యాక చెప్పాడు: "దెబ్బ వల్ల ఈ జబ్బు రాదమ్మా. లోపల ఉన్నదాని మీదికి దెబ్బ మన చూపు తిప్పుతుంది, అంతే. చాలామంది పిల్లల్లో ఎందుకొచ్చిందో చెప్పలేం. కొన్ని కుటుంబాల్లో జన్యువు వల్ల వస్తుంది, చిన్నప్పుడు కంటి క్యాన్సర్ వచ్చిన పిల్లలకు కొందరికి వస్తుంది, ఇంతకుముందు రేడియేషన్ పెట్టినచోట వస్తుంది. మీ పిల్ల విషయంలో అవేవీ లేవు." ఆమె ఏడుపు ఆగలేదు గానీ, ఆ రోజు తర్వాత ఎవర్నీ తిట్టలేదు.

చుట్టాలు వేరే బాధ పెట్టారు. ఆడపిల్ల, కాలు తీసేస్తే రేపు పెళ్లెట్లా, ఆయుర్వేదం వాడండి అన్నవాళ్లున్నారు. పిల్ల పక్కగదిలోనే ఉందని తెలిసీ అన్నారు. మా అక్కనే అడిగాను, పెళ్లి సంగతి పిల్ల బతికితే కదా అని. ఆ తర్వాత మా ఇంట్లో ఆ మాట ఎత్తలేదు.

కాలు ఉంచుతారా తీస్తారా అన్నది మేమడిగిన మొదటి ప్రశ్న. డాక్టరు దానికి ముందు ఇంకోటి చెప్పాడు. 1970ల దాకా ఈ జబ్బుకు ఉన్న వైద్యం కాలు తీసేయడమే. తీసేసినా ఐదుగురిలో నలుగురు పిల్లలు తర్వాత చనిపోయేవారు, ఎక్కువమంది ఏడాది రెండేళ్లలోనే. ఎందుకంటే గడ్డ కనబడే నాటికే స్కాన్‌కు అందనంత చిన్న కణాలు ఊపిరితిత్తులకు చేరి ఉంటాయి. కీమోథెరపీ వచ్చాక లెక్క మారింది. జబ్బు పాకని పిల్లల్లో ఇప్పుడు పదిమందికి ఆరేడుగురు బతుకుతున్నారు. గడ్డ అంచు దాటి శుభ్రంగా తీయగలిగితే కాలు ఉంచినా తీసినా బతికే అవకాశం ఒకటే. అందుకని ముందు కీమో, తర్వాత ఆపరేషన్, మళ్లీ కీమో. ఆరేడు నెలలు. అర్థం కాగానే నేనడిగింది డబ్బు గురించి. మాకు ఆహారభద్రత కార్డు ఉంది, ఆరోగ్యశ్రీ కింద రాశారు. ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గర ప్రతి విడతకూ అప్రూవల్ కోసం నిలబడ్డాం.

కీమో మందులు మూడు. డోక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్, ఐఫోస్ఫమైడ్. విదేశాల్లో మెథోట్రెక్సేట్ అనే మందును పెద్ద మోతాదులో వాడతారు. దానికి రోజూ రక్తంలో మందు ఎంతుందో కొలవాలి, కాస్త తేడా వస్తే కిడ్నీలు దెబ్బతింటాయి. మన దగ్గర అన్నిచోట్లా ఆ వసతి ఉండదు గనక అది లేకుండానే ముంబై టాటా మెమోరియల్ వాళ్లు ఒక పద్ధతి తయారుచేశారు, మా బిడ్డకు ఆ దారిలోనే ఇచ్చారు. డోక్సోరుబిసిన్ ఎర్రగా ఉంటుంది. అది ఎక్కించిన రోజు మూత్రం కూడా ఎర్రగా పోతుంది. నర్సు ముందే చెప్పబట్టి భయపడలేదు. అది గుండె మీద పనిచేస్తుందని ముందుగానే ఎకో తీశారు. సిస్‌ప్లాటిన్ చెవుల్ని, కిడ్నీల్ని దెబ్బతీస్తుందని వినికిడి పరీక్ష చేశారు, ముందూ వెనకా సీసాలకు సీసాలు సెలైన్ పెట్టారు. వాంతులకు మూడు రకాల మందులిచ్చినా ఆ మందు రోజు వాంతులు ఆగలేదు. నోరంతా పుండ్లు పడి మజ్జిగ కూడా మండేది. జుట్టు రెండో విడతకు ముందే ఊడింది. తలగడ మీద పాయలు చూసి, మిగతాది తీసేయమని తనే అడిగింది. వాళ్లమ్మ కత్తెర పట్టలేకపోతే నేనే తీశాను.

జ్వరం గురించి ప్రత్యేకంగా రాయాలి. మందు ఎక్కించాక వారం, పది రోజులకు తెల్లకణాలు పూర్తిగా పడిపోతాయి. ఆ రోజుల్లో 100.4 డిగ్రీలు దాటితే అది మామూలు జ్వరం కాదు. డిశ్చార్జి కాగితం మీద నర్సు ఎర్రసిరాతో ఆ అంకె రాసి చుట్టూ గుండ్రం గీసిచ్చింది. ఒక అర్ధరాత్రి 101 వచ్చింది. చలికి వణుకుతోంది. పారాసిటమాల్ ఇచ్చి పొద్దున చూద్దామన్నారు ఇంటికొచ్చినవాళ్లు. పక్కింటాయన కారు తీశాడు. ఆసుపత్రికి చేరేసరికి బీపీ పడిపోతోంది. రక్తపరీక్ష రాకముందే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. పొద్దుటిదాకా ఆగి ఉంటే ఏమయ్యేదో డ్యూటీ డాక్టరు దాచకుండా చెప్పింది. థర్మామీటరు ఇప్పటికీ మా ఇంట్లో చేతికందే చోటే ఉంటుంది.

ఆ వార్డులో పరిచయమైన ఇద్దరి గురించి చెప్పకపోతే ఇది పూర్తి కాదు. సంగారెడ్డి వైపు నుంచి వచ్చిన పదమూడేళ్ల పిల్లవాడు. మా బిడ్డ జబ్బే, మోకాలి కింద ఎముకలో. వాళ్ల ఊరి దగ్గర ఎవరో చీము అనుకుని కోశారు, అడ్డంగా. ముక్క పరీక్షకు కూడా పంపలేదు. పుండు మానలేదు, దాంట్లోంచి గడ్డ పెరిగి బయటికొచ్చింది. పుండు మానేదాకా కీమో మొదలుపెట్టడానికి లేదు, కీమో ఇవ్వకపోతే గడ్డ ఆగదు. ఆఖరికి మోకాలి పైన కాలు తీసేశారు. వాడూ మా బిడ్డా మంచాల మీద కూర్చుని ఫోన్లో లూడో ఆడుకునేవాళ్లు. ఓడిపోతే గట్టిగా అరిచేవాడు. 2020 దసరాకు ముందు వాళ్ల నాయన ఫోన్ చేశాడు. ఊపిరితిత్తులకు పాకిందట, పిల్లవాడు పోయాడు. కోయడం వల్లే పాకిందా అని మా సర్జన్‌ను అడిగాను. "అట్లా ఖాయంగా చెప్పలేం. కోయకపోయినా పాకి ఉండొచ్చు. కానీ కాలు పోవడానికి మాత్రం అదే కారణం, వైద్యం ఆలస్యం కావడానికీ అదే" అన్నాడు. ఆ తండ్రికి ఈ మాట నేను చేరవేయలేదు.

రెండో ఆయన దర్జీ. తొడ వెనక గడ్డ. కొవ్వుగడ్డ అని ఒకచోట తీసేశారు. మళ్లీ వస్తే మళ్లీ తీసేశారు. రెండుసార్లూ తీసింది చెత్తబుట్టలోకే పోయింది, ల్యాబుకు పోలేదు. మూడోసారి వచ్చినప్పుడు కూర్చుని మిషను తొక్కలేనంత పెద్దదైంది. మెత్తటి కండలో వచ్చే సార్కోమా ఆయనది. దీనికి మొదట్లో నొప్పి కూడా ఉండదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. కొవ్వుగడ్డలు చాలామందికి ఉంటాయి, వాటిలో దాదాపు అన్నీ ఏ హానీ చేయనివే. కానీ ఐదు సెంటీమీటర్లు దాటిన గడ్డ, లోతుగా కండలో ఉన్న గడ్డ, పెరుగుతున్న గడ్డ, తీసేసినా తిరిగొచ్చిన గడ్డ, వీటిలో ఏదైనా సరే కత్తి పెట్టకముందు ఎంఆర్ఐ తీసి చూడాలి. తీసినది చిన్నదైనా ల్యాబుకు పంపమని అడగాలి. అడిగితే డాక్టర్లు కోప్పడతారేమో, పడనివ్వండి.

కీమో రోజుల్లోనే బిడ్డ ఫోన్లో టెర్రీ ఫాక్స్ వీడియో చూసింది. కెనడా కుర్రాడు. పద్దెనిమిదేళ్లప్పుడు, 1977లో, ఇదే జబ్బుతో కుడికాలు మోకాలి పైన తీసేశారు. 1980లో కట్టుడు కాలితో దేశానికి అడ్డంగా పరుగు మొదలుపెట్టాడు, క్యాన్సర్ పరిశోధనకు డబ్బు పోగుచేయడానికి. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరిగెత్తాడు. జబ్బు ఊపిరితిత్తులకు రావడంతో ఆగిపోయాడు. మరుసటేడు జూన్‌లో, ఇరవైరెండేళ్లకు పోయాడు. ఆ చివర చూస్తుందేమోనని నేను ఫోన్ తీసుకోబోయాను. "నాకు తెల్సు నాయినా, చచ్చిపోయిండు. రోజుకు మారథాన్ అంత ఉరికిండట, అది చూడు" అంది. నేను పక్కన కూర్చుని చూశాను.

ఆపరేషన్ 2019 జనవరిలో. ముందురోజు ఇంప్లాంట్ చూపిస్తారా అని అడిగాను. టెక్నీషియన్ కవరు విప్పకుండా, అదే కొలతది ఇంకో నమూనా తెచ్చి నా చేతికిచ్చాడు. బరువుగా ఉంది. పైన కాడ, మిగిలిన తొడ ఎముక లోపలికి దింపి సిమెంటుతో బిగిస్తారు. కింద మోకాలి కీలు, అడ్డంగా షాఫ్టు, దానికి ప్లాస్టిక్ బుష్షులు. నేను రోజూ చేత్తో పట్టే వస్తువులే. కీలు మడిచి చూశాను, ఆడింపు సాఫీగా ఉంది. బుష్షు ఎన్నాళ్లకు అరుగుతుందని అడిగితే ఆయన నవ్వి, "వాడకాన్ని బట్టి. అరిగితే దాన్నొక్కదాన్నే మార్చొచ్చు" అన్నాడు. ఇంకా బాగా ఎదగాల్సిన చిన్నపిల్లలకైతే పొడుగు పెంచడానికి వీలుండే ఇంప్లాంట్ కావాలి, లేదా వేరే పద్ధతి చూడాలి. మా బిడ్డకు ఎత్తు పెరగడం దాదాపు అయిపోయింది గనక ఇది సరిపోయింది. పథకం కింద వచ్చింది పోను మిగతా డబ్బుకు షాపు వెనక ఉన్న జాగా అమ్మాం, ముఖ్యమంత్రి సహాయనిధికి కూడా కాగితం పెట్టుకున్నాం.

నీలి చుక్క పెట్టినచోటి మచ్చ గడ్డతోపాటే బయటికొచ్చింది. అంచులన్నీ శుభ్రంగా ఉన్నాయని రిపోర్టు. తీసిన గడ్డలో కీమోకు ఎంత భాగం చచ్చిందో కూడా చూస్తారు. తొంభై శాతం దాటితే మందు బాగా పట్టినట్టు. మా బిడ్డకు 92. ఆ కాగితం చేతికొచ్చినప్పుడు నేనూ నా భార్యా క్యాంటీన్‌లో కూర్చుని మొదటిసారి కడుపునిండా తిన్నాం.

నడక తిరిగి రావడం ఆపరేషన్ కంటే కష్టమైంది. పడుకుని కాలు వంచకుండా పైకెత్తమంటే నెలదాకా అంగుళం లేవలేదు. ఫిజియోథెరపిస్టు దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంటూనే చేసేది. వాకర్, తర్వాత చంకకర్రలు, తర్వాత ఒక్క కర్ర. మిగిలిన కీమో విడతలు వాటి మధ్యే నడిచాయి. ఆ వేసవితో వైద్యం ముగిసింది. పదో తరగతి పరీక్షలు ఆ ఏడు రాయలేదు. మరుసటేడు 2020 మార్చిలో రాయడం మొదలుపెడితే మూడు పేపర్లు కాగానే కరోనా వచ్చి మిగతావి ఆగిపోయాయి, చివరికి అందరితోపాటు పాసైంది. లాక్‌డౌన్‌లోనే ఊపిరితిత్తుల స్కాన్ గడువొచ్చింది. మొదటి రెండేళ్లు మూణ్ణెల్లకోసారి తప్పకూడదు, ఎక్కువగా తిరగబెట్టేది అప్పుడే. పోలీసు పాసు తీసుకుని, ఖాళీ రోడ్డు మీద వెళ్లొచ్చాం. ఆ స్కాన్‌లో చిన్న మచ్చ కనిపించింది. తర్వాతి స్కాన్ దాకా మా ఇంట్లో ఎవరం దాని గురించి మాట్లాడుకోలేదు. అది పెరగలేదు, ఇప్పటికీ అంతే ఉంది. పాత ఇన్ఫెక్షన్ తాలూకు మచ్చ కావచ్చన్నారు.

ఇప్పుడు ఏడాదికోసారి వెళ్తున్నాం. కుంటు కొద్దిగా ఉంది. గొంతుక్కూర్చోలేదు, కింద కూర్చుని లేవలేదు. పెళ్లిళ్లలో ఆమెకు కుర్చీ వేయించడం మా తమ్ముడి పని. పరిగెత్తొద్దు, దూకొద్దు. ఒంట్లో ఎక్కడ ఇన్ఫెక్షన్ వచ్చినా ఇంప్లాంట్‌కు పాకే భయముంది కాబట్టి పంటి వైద్యానికి వెళ్లినా ముందు ఆసుపత్రికి ఫోన్ చేసి అడుగుతుంది. కబడ్డీ పోయింది. దాని గురించి ఆమె బాధపడుతుంది, అందరితో అనదు. ప్రో కబడ్డీ సీజన్ వస్తే టీవీ ముందు నుంచి కదలదు, రైడర్ తప్పు అడుగు వేస్తే నాకంటే ముందు తిడుతుంది.

పోయిన ఎండాకాలం తెలిసిన రైతొకాయన కాలిపోయిన మోటారు తెచ్చాడు. వెంట పన్నెండేళ్ల కొడుకు. పిల్లవాడు ఎడమకాలు ఆనించకుండా నిలబడ్డాడు. అడిగితే నెల నుంచి మోకాలు నొస్తుందన్నాడు, రాత్రి కూడా ఒక్కోసారి లేస్తున్నాడట. కట్టు కట్టించాలని పోతున్నారు. మోటారు పక్కన పెట్టి ఇద్దర్నీ ఆటోలో ఎక్స్‌రే సెంటర్‌కు పంపాను, ఫిల్మ్ ఎముకల డాక్టరుకు చూపించే దాకా కట్టు కట్టించొద్దని చెప్పాను. సాయంత్రం మోటారు కోసం వచ్చాడు. ఎముకలో ఏమీ లేదట, చెట్టు మీదినుంచి దూకితే నరం బెణికిందట, పిల్లవాడు అప్పటిదాకా ఇంట్లో చెప్పలేదట. "ఎక్స్‌రే డబ్బులు దండగైనయ్ అన్నా" అన్నాడు. ఆ డబ్బు వైండింగ్ కూలీలో తగ్గించుకోమన్నాను. వద్దని పూర్తిగా ఇచ్చి, మోటారు బండికెత్తించుకుని వెళ్లాడు.